అంచు లేచిన ముఖం

మా ఆయన కుడి కన్ను, దాని కింద బుగ్గ ఎముకలో కొంత భాగం కరోనా రెండో అలలో పోయాయి. కరోనా తగ్గి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన పదో రోజున బుగ్గ తిమ్మిరెక్కింది. ముక్కులోంచి నల్లగా నీరు కారింది. షుగరు ఆయనకు ముందునుంచే ఉండేది. నల్ల ఫంగస్ అన్నారు, మెదడుకు ఎక్కేలోగా కన్ను తీసెయ్యాలన్నారు. కాగితాల మీద సంతకం నేనే పెట్టినాను. అప్పుడు ఆయనకు నలభై నాలుగేళ్ళు.

ఆయన చిక్కపేటలో ఒక పట్టుచీరల అంగడిలో ఇరవై ఏళ్ళుగా చీరలు చూపించేవాడు. తెల్లటి పరుపు మీద కూర్చొని, ఒక్క విదిలింపుతో మడత విప్పి, కొంగు తన భుజం మీదే వేసుకొని చూపించేవాడు. ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్ళు కూడా సంచి పట్టుకొని పోయేవాళ్ళు. అదే అంగడి చీరలకు నేను ఇంట్లో కూర్చొని ఫాల్ కుట్టేదాన్ని. మా తాతల కాలం నుంచి బెంగళూరే మా ఊరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడ.

ఫాల్ కుట్టడమంటే సూదిపని అనుకుంటారు గానీ సగం పని రంగు కలపడమే. వంకాయరంగు చీరకు ఏదో ఒక వంకాయరంగు ఫాల్ వేస్తే కుదరదు. అందులో ఎరుపు ఎంత ఉంది, నీలం ఎంత ఉంది చూడాలి. ట్యూబ్‌లైటు కింద ఒక తీరుగా ఉంటుంది, గుమ్మంలో ఎండకు పెడితే ఇంకో తీరుగా ఉంటుంది. నా కళ్ళకు ఆ తేడా ఇట్టే తెలుస్తుంది. తెలియకుండా ఉండుంటే బాగుండేదని తరువాత చాలాసార్లు అనుకున్నాను.

ఆపరేషన్ అయినాక ఆ చోట నిమ్మకాయ పట్టేంత గుంత మిగిలింది. లోపల ఎర్రగా, తడిగా ఉండేది. రోజూ ఉప్పునీళ్ళతో కడిగి గాజుగుడ్డ పెట్టాలి. ఎట్లా చెయ్యాలో నర్సు నాకు చూపించింది. రెండు రోజులు చేసినాను. మూడో రోజు కడుగుతా ఉండగానే పక్కనున్న బేసినులో వాంతి చేసుకున్నాను. ఆయన ఎదురుగా కూర్చొని ఉన్నాడు. మిగిలిన ఒక్క కన్నుతో నన్నే చూస్తా ఉన్నాడు. మరుసటి రోజు నుంచి తానే అద్దం పట్టుకొని కడుక్కోవడం మొదలుపెట్టినాడు. ఒక కన్నుతో దూరం సరిగ్గా అందదు కదా, నీళ్ళు మెడ మీదికి కారేవి. రెండు మూడు రోజులు చూసి మా పాప, అప్పుడు దానికి తొమ్మిదేళ్ళు, "నాయనా, ఇట్లివ్వు, నేను చేస్తా" అని దూది తీసుకొనింది. దానికి భయమూ లేదు, అసహ్యమూ లేదు. "ఇక్కడ నొస్తాందా? ఇక్కడా?" అని అడుగుతా కడిగేది. నేను వంటింట్లో నిలబడి వినేదాన్ని.

గాయం పూర్తిగా ఆరడానికి ఆరు నెలలు పట్టింది. తరువాత దంతాల విభాగానికి పొమ్మన్నారు. కంటికి దంతాల డాక్టరేందని ఆయన నవ్వినాడు కూడా. ముఖంలో పోయిన భాగాలను తయారుచేసేది వాళ్ళేనంట. అక్కడ ఒక డాక్టరమ్మ ఉండేది. కర్నూలు పక్కనుంచి వచ్చి ఇక్కడ చదువుకొని ఇక్కడే ఉద్యోగంలో చేరిన పిల్ల. మా మాట వినగానే, "అయ్యో, మనోళ్ళేనా!" అనింది. ఆమె ముందు ఆయన ముఖానికి అచ్చు తీసింది. మైనంతో కన్ను, రెప్పలు, కింద బుగ్గ చెక్కింది. ఎడమ కంటి పక్కన ఎన్ని ముడతలున్నాయో లెక్కబెట్టి కుడివైపు కూడా అన్నీ గీసింది. ఆ తరువాత సిలికాన్‌లో రంగులు కలిపే రోజు నన్ను పిలిచింది.

"అక్కా, మీరు చీరలకు రంగులు చూస్తారంట కదా. రండి, చెప్పండి."

గాజు పలక మీద తెల్లటి పేస్టులాంటి సిలికాన్. దాంట్లోకి చుక్క చుక్కగా ఎరుపు, పసుపు, మట్టిరంగు. ఆమె కలిపి ఆయన బుగ్గ పక్కన పెట్టేది, నేను కిటికీ దగ్గర నిలబడి చూసేదాన్ని. "ఇంకొంచెం పసుపు పడాల." "ఇప్పుడు ఎక్కువైంది." "గడ్డం దిక్కు కాదు డాక్టరమ్మా, కంటి కింద చూడండి, అక్కడ నీలం కలిసుండాది." ఒక పూటంతా పట్టింది. కనురెప్పల వెంట్రుకలు ఆమె ఒక్కొక్కటే గుచ్చింది.

మొదటిసారి దాన్ని ఆయన ముఖానికి అంటించి, లావు ఫ్రేము కళ్ళద్దాలు పెట్టినప్పుడు నేను కాసేపు నమ్మలేకపోయినాను. అంచులు ఉల్లిపొర అంత పలచగా ఉండి చర్మంలో కలిసిపోయినాయి.

"ఎట్లుండాది?" అన్నాడు.

"మీరే ఉండారు," అన్నాను.

బస్సులో ఇంటికొచ్చినాము. ఎవరూ తిరిగి చూడలేదు. పక్క సీటాయన ఆయన్ని టైమెంతని అడిగినాడు. అంతకంటే గొప్ప రోజు మా సంసారంలో అంతకుముందు లేదు, తరువాతా లేదు.

డాక్టరమ్మ ఆ రోజే అన్నీ చెప్పి పంపింది. సిలికాన్ కుళ్ళేది కాదు, ఎండకు వానకు కరిగేది కాదు, అయినా దానికీ వయసొస్తుందని చెప్పింది. అందులో కలిపిన రంగు ఎండకు వెలిసిపోతుంది. చెమట, నూనె, పొయ్యి పొగ పట్టి పసుపు తిరుగుతుంది. అంచులు గట్టిపడి చిరుగుతాయి. ఏడాదిన్నర, బాగా చూసుకుంటే రెండేళ్ళు, ఆ తరువాత కొత్తది చేసుకోవాలి. జిగురు కూడా సిలికాన్ జిగురే. చిన్న సీసాలో, మూతకే కుంచె ఉంటుంది. తెరిచినాక ఎక్కువ నెలలు పెట్టుకోకూడదు. రాత్రిపూట ముక్క తీసి, సబ్బునీళ్ళతో కడిగి, పాత జిగురంతా వేలితో మెల్లగా ఉండలు చుట్టి తీసేసి, ఆరబెట్టాలి. కింద చర్మానికి గాలి తగలాలి.

అన్నీ బుద్ధిగా విన్నాను. వారం రోజులు అట్లాగే చేసినాము. ఆ తరువాత, పడుకునే ముందు ఆయన దాన్ని తీయబోతుంటే, "ఉండనీండి, పొద్దున తీద్దురు లెండి," అన్నాను. ఆయన చెయ్యి ఆగిపోయింది. నా వైపు చూసి, సరేనని పడుకున్నాడు. మరుసటి రోజూ అట్లాగే అన్నాను. మూడో రోజు నేను అనాల్సిన పని లేకపోయింది. ఆయన తీయడం మానేసినాడు. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. ఆ ముక్క ఉంటేనే ఆయన పక్కన నాకు నిద్ర పట్టేది. రబ్బరు కన్ను తెరిచే ఉంటుంది, మూతపడదు. అయినా దానికంటే కింద ఉండే గుంతే నాకు భయం.

ఏడు నెలలకు ఒక పొద్దున ఆయన ముక్క తీసి కడగమని నా చేతికిచ్చినాడు. తిప్పి చూస్తే లోపలి వైపు నల్లటి చుక్కలు. ఆవగింజలంత, పది పన్నెండు. నల్ల ఫంగస్ మళ్ళీ వచ్చిందనుకున్నాను. ఆయన నా ముఖం చూసి, ముక్క చూసి, మంచం మీద కూలబడినాడు. "మళ్ళీనా?" అన్నాడు, అంతే. పాపను పక్కింట్లో వదిలి ఆటోలో ఆసుపత్రికి పరిగెత్తినాము. దారంతా ఆయన నా చెయ్యి వదల్లేదు.

డాక్టరమ్మ గుంతంతా లైటు వేసి చూసింది. ముక్కను చూసింది. అప్పుడు ఊపిరి వదిలింది.

"ఏం కాలేదక్కా. ఇది మనిషికొచ్చింది కాదు, ఈ ముక్కకు పట్టిన బూజు. బాత్‌రూములో సింకు చుట్టూ తెల్ల సిలికాన్ పూస్తారు చూడండి, కొన్నాళ్ళకు నల్లబడిపోతుంది కదా, అట్లాంటిదే. తేమ ఉంటే వస్తుంది." తరువాత ఆయన కంటి చుట్టూ చర్మం తడిమి చూసింది. చర్మం నాని, ఒరిసిపోయి ఉంది. "రాత్రి తీసి ఆరబెడుతున్నారా?"

నేను నోరు తెరిచేలోగా ఆయనే చెప్పినాడు. "నాకే తీయబుద్ధి కాదు డాక్టరమ్మా. తప్పు నాదే."

ఆమె గట్టిగానే కోప్పడింది. ఆయన తల వంచుకొని తిట్లన్నీ తిన్నాడు. నేను పక్కన నిలబడి ఉన్నాను. నోరు తెరిచి నిజం చెప్పలేదు.

చుక్కలు గీకితే పోలేదు. లోపలికి దిగిపోయినాయి. బయటికి కనపడవు గనక అట్లాగే వాడమన్నారు. అప్పటినుంచి రాత్రుళ్ళు తీసిపెట్టినాము గానీ ఆలస్యమైపోయింది. మొదట రంగు పోయింది. నాకు తప్ప ఎవరికీ తెలియలేదు. అంగడికి నడిచిపోతా వస్తా ఆయన ముఖం ఎండకు నల్లబడింది, ముక్క మాత్రం వెలిసింది. ఆ తరువాత పసుపు తిరిగింది. నేను పౌడరు అద్ది, కాటుక మసి కొంచెం కలిపి సర్దేదాన్ని, సాయంత్రానికి చెమటకు కారిపోయేది. అంచుల వెంబడి పాత జిగురు గోధుమరంగు గీతలా నిలిచిపోయింది. దాన్ని వేలితో చుట్టి తీస్తా ఉంటే ఒక రోజు నా గోరు తగిలి కణత దగ్గర అంచు చిరిగింది. చిన్న చిరుగే. కానీ ఉల్లిపొర చిరిగితే ఆగుతుందా? రోజుకు కొంచెం సాగింది. ముట్టుకుంటే మునుపు చెవితమ్మెలా మెత్తగా ఉండేది, రెండో ఏడు దాటేసరికి పాత చెప్పు అంచులా బిరుసెక్కింది.

కొత్తది చేయించుకుందామని పోతే డాక్టరమ్మ లేదు. వేరే ఊరికి బదిలీ అయి పోయిందన్నారు. ఆ చోటికి కొత్తవాళ్ళు వచ్చినాక ఫోన్ చేస్తామన్నారు. జిగురూ ఆమే తెప్పించి ఇచ్చేది. ఇంక మా దగ్గర ఉన్నది ఎప్పుడో తెరిచిన సీసా ఒక్కటే. మొదట్లో పలచటి తేనెలా ఉండేది. అడుక్కొచ్చేసరికి జిలేబీ పాకంలా తీగలు సాగింది. పూసినా ఒక చోట మందంగా, ఒక చోట ఏమీ లేకుండా పడేది.

అంగడిలో ఆయన్ని అప్పటికే పై అంతస్తుకు మార్చినారు. వచ్చినవాళ్ళు చూసి వదిలేసిన చీరలు మడతపెట్టే పని. ఓనరు మంచివాడే, పనిలోంచి తీసెయ్యలేదు. కానీ కొనేవాళ్ళ ముందు కూర్చోమని కూడా అనలేదు. ఆ ఏడు శ్రావణంలో జనం తోసుకొని వచ్చినారు. చీరలు చూపించే ఇద్దరు జ్వరమొచ్చి రాలేదు. ఓనరు ఫోన్ చేసి, "రేపొక రోజు కింద కూర్చోప్పా," అన్నాడు.

ఆ పొద్దున ఆయన మూడేళ్ళ తరువాత ఇస్త్రీ చొక్కా అడిగి వేసుకున్నాడు. నా ముందు కుర్చీలో కూర్చొని, "ఈ రోజు గట్టిగా అంటించు," అన్నాడు. సీసా మూత తీస్తే కుంచె మొత్తం గట్టిపడి ఉంది. అడుగున మిగిలినదాన్ని అగ్గిపుల్లతో తీసి పూసినాను. ఆరినాక వేలు పెడితే అంటుకోవాలి. సరిగ్గా అంటుకోలేదు. చాలాసేపు రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. ఆయన ఊపిరి నా మణికట్టుకు తగులుతా ఉంది.

"పట్టిందా?" అన్నాడు.

"బాగా పట్టింది," అన్నాను.

మధ్యాహ్నం ఫాల్ కుట్టిన చీరలు ఇవ్వడానికి నేనూ అంగడికి పోయినాను. ఆయన పరుపు మీద కూర్చొని ఉన్నాడు. ఎదురుగా ఒక పెళ్ళికూతురు, వాళ్ళమ్మ, ఇంకో పెద్దావిడ. ఆయన గొంతు పాత గొంతులా ఉంది. "ఇది చూడండమ్మా, లేత గోధుమరంగు, దీనికి మెరూన్ అంచు, మీ పిల్ల ఒంటికి ఇట్టే సరిపోతుంది," అని కన్నడంలో చెప్తా ఉన్నాడు. వాళ్ళు నవ్వుతా వింటా ఉన్నారు. నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయినాను. ఆయన విదిలించి మడత విప్పినాడు. కొంగు భుజం మీద వేసుకున్నాడు. జరీ చూపించడానికి ముందుకు వంగినాడు. కళ్ళద్దాలు జారినాయి. వాటితోపాటు ముక్క చిరిగిన అంచు దగ్గర లేచి, ఊడి, పరిచిన చీర మీద పడింది.

కన్ను పైకి చూస్తా ఉంది.

"అయ్యో దేవరే!" అని పెద్దావిడ వెనక్కి పడినంత పని చేసింది. పెళ్ళికూతురు ముఖం తిప్పుకొనింది. ఆయన ఏం చేసినాడంటే, భుజం మీదున్న కొంగును ముఖం మీదికి లాక్కున్నాడు. అట్లాగే కూర్చుండిపోయినాడు, ముసుగు వేసుకున్న కొత్తపెళ్ళికూతురిలా. నేను పోయి ముక్కను తీసుకొని సంచిలో వేసుకున్నాను. ఓనరు దగ్గరికొచ్చి మెల్లగా, "లోపలికి తీసుకుపోమ్మా," అన్నాడు. కొంగు వదిలించడానికి ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది. ఎవరో మాస్కు తెచ్చిచ్చినారు, ఎవరో చేతిరుమాలు.

ఇంటికొచ్చినాము. గడప దాటినాక అడిగినాడు.

"జిగురు పట్టలేదని నీకు తెలుసు కదా?"

"తెలుసు."

"మరి పట్టిందని ఎందుకన్నావు?"

"చెప్తే మీరు పోరని. అంత సంతోషంగా ఉంటిరి..."

ఆయన చొక్కా గుండీలు విప్పుతా కూర్చున్నాడు. "అంగడివాళ్ళ కోసం నేను దాన్ని పెట్టుకోలేదే," అన్నాడు. "వాళ్ళకు మాస్కు కట్టుకున్నా చాలు. ఊరి కోసమూ కాదు. నువ్వు బేసినులో వాంతి చేసుకున్న రోజు నీ ముఖం చూసినా. నీ కోసమే పెట్టుకున్నా."

సంచిలోంచి ముక్కను తీసి కడిగి ఆరబెట్టినాను.

ఆ రోజు తరువాత ఆయన ఆ ముక్కను ముట్టుకోలేదు, బయటికీ పోలేదు. ఓనరు రెండుసార్లు మనిషిని పంపినాడు, మూడోసారి పంపలేదు. ఆయన లోపలి గదిలో మంచం మీద, కుడివైపు గోడకు ఉండేట్టు కూర్చునేవాడు. అన్నం కూడా అట్లాగే తినేవాడు. నేను గదిలోకి పోతే చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. పాప పోతే పెట్టుకునేవాడు కాదు.

కొన్ని నెలలకు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది, కొత్త డాక్టరు వచ్చినాడని. ఆయన రానన్నాడు. బతిమాలినాను, ఏడ్చినాను, పాపతో చెప్పించినాను. చివరికి పాత ముక్కను ఒక్కదాన్నే సంచిలో పెట్టుకొని పోయినాను. ఆ డాక్టరు చిన్నవాడు, ఓపికగా మాట్లాడినాడు. ముక్కను వంచి చూసి తల అడ్డంగా ఊపినాడు.

"ఇది బిరుసెక్కిపోయిందమ్మా. అంచు అతికినా ఆగదు. పాత జిగురు పొరలు పొరలుగా లోపలికి పట్టేసింది, దాని మీద కొత్త జిగురు పట్టదు."

"దీన్ని చూసి ఇట్లాంటిదే ఇంకొకటి చెయ్యలేరా?"

"మూడేళ్ళలో మనిషి ముఖం మారిపోయుంటుంది కదా. బుగ్గ లోపలికి పోయుంటుంది. ఆయన వచ్చి కూర్చుంటేనే అచ్చు తీయగలం. తీసుకురండి."

తీసుకురాలేనని ఆ డాక్టరుకెట్లా చెప్పేది? సరేనని వచ్చేసినాను.

ఆ రోజు సాయంత్రం ఉప్పునీళ్ళు కాచి, దూది తీసుకొని ఆయన గదిలోకి పోయినాను. పాప ట్యూషన్‌లో ఉంది. "నేను కడుగుతా, ఇటు తిరగండి," అన్నాను. ఆయన తిరగలేదు. "నాకిప్పుడు ఏం కాదు," అన్నాను. అది అబద్ధం కాదు. ఈ మూడేళ్ళలో, దొంగచాటుగా, పాప కడుగుతుంటే తలుపు సందులోంచి చూసి చూసి నాకు అలవాటయింది. లోపల చర్మం లేత గులాబీరంగుకు వచ్చింది, శుభ్రంగా ఉంది, ఏ భయమూ లేదు దాంట్లో.

"పాప వస్తుందిలే," అన్నాడు.

"ఒక్కసారి..."

"వద్దులే. ఆడ పెట్టి పో."

గిన్నె స్టూలు మీద పెట్టి వచ్చేసినాను. ఆ తరువాత మళ్ళీ మళ్ళీ అడిగినాను. అదే మాట. కోపంగా అంటే కొట్లాడచ్చు, ఏడ్చి అంటే ఓదార్చచ్చు. ఆయన మామూలుగా అంటాడు, అన్నం చాలు అన్నట్టు.

పోయినేడు ఓనరు నన్నే అంగడికి రమ్మన్నాడు. ఆడవాళ్ళకు ఆడవాళ్ళు చూపిస్తే బాగుంటుంది, పైగా నీకు రంగులు తెలుసు అన్నాడు. ఆయన్ని అడిగితే, "పో," అన్నాడు. ఇప్పుడు రోజూ పోతున్నాను. ఇరవై ఏళ్ళు చీరల మధ్యనే బతికిన మనిషి, ఈ ఏడు ఏ రంగు నడుస్తాందని ఒక్కసారి కూడా అడగలేదు. సాయంత్రం ముందుగదిలో ఉన్న ఆయనకు కాఫీ ఇచ్చి, ఎవరెవరు వచ్చినారో, ఏమేమి పోయినాయో చెప్పబోతాను. లోటా పట్టుకొని లేచి లోపలికి పోతాడు. తలుపు వెయ్యడు, దగ్గరగా జరుపుతాడు, అంతే.